ఎడమకు పోయిన విండో

అమెరికాలో తెలుగువాళ్ళ పార్టీకి వెళ్తే పులిహోర ప్లేటు చేతికి రాకముందే ఒక ప్రశ్న వస్తుంది: "ఏ టెక్నాలజీ అండీ మీరు?" ఇరవై ఆరేళ్ళపాటు నేను ఒకటే జవాబు చెప్పాను: "ప్రింటర్లండీ." అడిగినవాడు ముందు నవ్వేవాడు. తర్వాత అది జోకు కాదని తెలిసి, జాలిపడి, ఇంకో గారె వడ్డించేవాడు. ఆ జాలి మీద నేను తిన్న గారెల్ని వరసగా పేరిస్తే మిషిగన్‌లో మా ఊరు నోవై నుంచి డెట్రాయిట్ దాకా వచ్చి, మిగిలినవి నదిలో పడతాయి.

నేను చేసింది డెస్క్‌టాప్ సపోర్ట్. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, ఎవరి కంప్యూటర్ మొండికేసినా వెళ్ళి బతిమాలే ఉద్యోగం. పోయినేడు కంపెనీ ముందస్తు రిటైర్మెంట్ ఇస్తానంటే, వాళ్ళు మనసు మార్చుకునేలోపు సంతకం పెట్టేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఫోన్ చేసి "అంకుల్, ఏ సర్టిఫికేషన్ చెయ్యమంటారు?" అని అడుగుతున్నారు. సర్టిఫికేషన్ల సంగతి నాకు తెలియదు. ప్రమోషన్లు రెండు వచ్చాయి, రెండూ పొరపాటున వచ్చాయి. వాటి గురించి చెప్పను. ఒక మాట గురించీ, ఒక బాసు గురించీ, నేను చేసిన ఒక వెధవ పని గురించీ చెబుతాను. మూడూ ఒకే గురువారం నాడు ఒకే గదిలో కలుసుకున్నాయి.

"పోయింది" అనే మాట

నేను తణుకువాణ్ణి. మా వైపు ఎవరైనా "పోయాడు" అంటే చేతిలో కాఫీ కింద పెట్టి పరామర్శకి బయల్దేరాలి. బతికున్నవాడు "వెళ్తాడు". మా టెస్ట్ ఇంజినీరు సుగుణది కరీంనగర్. అక్కడ మనిషి ఆఫీసుకు పోతాడు, సినిమాకు పోతాడు, పెళ్ళికి పోతాడు. అన్నిచోట్లకీ పోయి సాయంత్రానికి నిక్షేపంగా ఇంటికొచ్చి అన్నం తింటాడు.

ఈ తేడా నాకు ఎవరూ నేర్పలేదు. సుగుణ మా కంపెనీలో చేరిన మొదటి నెలలో ఫోన్ చేసింది.

"మూర్తిగారూ, నా విండో పోయిందండి."

"అయ్యో. పోయిందా?"

"పోయింది."

నేను గొంతులోకి తగినంత విషాదం తెచ్చుకుని, నా సీట్లోంచే ఆమె ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళి, ఆ ప్రోగ్రాముకి శాస్త్రోక్తంగా అంత్యక్రియలు చేశాను. అంటే ఎండ్ టాస్క్ నొక్కాను. "అయిపోయిందండీ, మళ్ళీ ఓపెన్ చేసుకోండి" అన్నాను.

అవతల మీటలు టకటకా నొక్కిన చప్పుడు వినపడింది.

"ఏం జేసిన్రు మీరు?"

"చచ్చిపోయిందన్నారు కదండీ, తీసేశాను."

"చచ్చిపోయిందని ఎవరన్నరు? పోయింది అన్న! పక్కకు పోయింది! లోపల పొద్దటిసంది చేసిన పని ఉండె!"

జరిగింది ఇదీ. ఆమె ల్యాప్‌టాప్‌ని పెద్ద స్క్రీను నుంచి ఊడదీసింది. విండో మాత్రం ఆ పెద్ద స్క్రీను ఉన్న చోటే ఉండిపోయింది. కంప్యూటర్ లెక్కలో అక్కడ ఇంకా ఒక గది ఉంది, ఆ గదిలో విండో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మన కంటికి అక్కడ గోడే. అది బతికే ఉంది, కనిపించదంతే. ఉన్నదాన్ని పక్కనుంచి లాక్కురావడానికి మూడు మీటలు చాలు. నేను మూడు మీటల పనికి బదులు ఒక హత్య చేశాను.

అప్పటి నుంచి ఎవరు "పోయింది" అన్నా నేను ముందు అడిగే మాట ఒకటే: "ఎటు?" మీరు ఈ వృత్తిలో ఇంకేం నేర్చుకోకపోయినా ఆ ఒక్క ప్రశ్న నేర్చుకోండి. ఎదుటివాళ్ళు చెప్పిన మాట మీ ఊళ్ళో ఏ అర్థమో మీకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో ఏ అర్థమో అడిగితేనే తెలుస్తుంది.

గ్రెగ్

మా బాసు పేరు గ్రెగ్. గుమ్మంలో నిలబడితే గదిలో సాయంత్రం అయ్యేంత మనిషి. నా పేరు మూర్తి అని తొమ్మిదిసార్లు చెప్పించుకుని పదోసారి "మార్టీ" అని ఖాయం చేశాడు. ఆయన వైద్యంలో మందు ఒక్కటే. "జస్ట్ రీబూట్ ఇట్, మార్టీ." కంప్యూటర్ ఆగిపోతే రీబూట్. ప్రింటర్ కాగితం నమిలితే రీబూట్. కాఫీ మెషీన్ చేదుగా ఇస్తే దాని ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టేవాడు. ఆయన రెండో పెళ్ళి కూడా రీబూటేనని ఆఫీసులో అనుకునేవాళ్ళు. పెళ్ళికూతురు మొదటామే.

నిజం చెప్పాలంటే పదింట తొమ్మిదిసార్లు ఆయన మందు పనిచేసేది. అందుకే ఆయన ప్రమాదకరమైన మనిషి. ఎప్పుడూ తప్పే చెప్పే బాసుతో గొడవ లేదు, ఎవరూ వినరు. తొమ్మిదిసార్లు ఒప్పు చెప్పేవాడి చెయ్యిని పదోసారి పట్టుకుని ఆపడానికి గుండె కావాలి.

నా గురించీ ఒక ముక్క. ఆ కంపెనీలో ప్రతి వైరుకీ ప్రతి మానిటర్‌కీ వెనకాల నేను రాసిన చీటీ అంటించి ఉండేది, తెలుగులో. ఇంగ్లీషులో రాస్తే చదివి పట్టుకుపోతారు. తెలుగులో రాస్తే ఏదో మంత్రమనుకుని ముట్టుకోరు. ఆ గుండ్రటి అక్షరాలకి భయపడి ఒక స్కానర్ పదకొండేళ్ళు ఒకే బల్లమీద ఉంది.

ఆ గురువారానికి ముందురోజు, బుధవారం మధ్యాహ్నం మూడింటికి గ్రెగ్ పరుగెత్తుకొచ్చాడు. అంత మనిషి పరుగెడుతున్నాడని ముందు కిటికీ అద్దాలే గలగలమని చెప్పాయి. మీటింగ్ రూములో స్క్రీన్ కాలిపోయింది. మర్నాడు మా విడిభాగాలు కొనే కార్ల కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ఎక్కడిదో ఒకటి తెచ్చి పెట్టమన్నాడు.

స్టోర్‌రూములో ఒక్కటీ లేదు. అప్పుడు నాకు టెస్ట్ లాబ్ గుర్తొచ్చింది. అక్కడ ఒక పాత కంప్యూటర్‌కి రెండు మానిటర్లు. వెళ్ళి చూస్తే కుడివైపుది వెలుగుతోంది, ఎడమవైపుది నల్లగా నిద్రపోతోంది. ఎవరూ వాడట్లేదనుకున్నాను, పరీక్ష నడిచేటప్పుడు సుగుణ దాన్ని ఆపి ఉంచుతుందని నాకు తెలియదు. సుగుణ సీట్లో లేదు. వైరు పీకాను, మానిటర్ చంకలో పెట్టుకున్నాను.

తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

ఈ వృత్తిలో జరిగే ఘోరాలన్నిటికీ తల్లి ఆ "చెబుదాంలే". వైరసులు దాని ముందు బలాదూరు.

లాబ్‌లో ముసలి యంత్రం

ఆ కంప్యూటర్ గురించి చెప్పాలి. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట, నేను చూసేసరికి ముదిరిన దోసకాయ రంగుకి వచ్చింది. దాని బరువుకి కింద నేల పల్లమైంది. ఫ్యాన్ చప్పుడుకి పక్కగదిలో వాళ్ళు ఫోన్లో గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. మార్చడానికి లేదు, ఎందుకంటే లాబ్‌లో ఉన్న కోల్డ్ చాంబర్ దాని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. కోల్డ్ చాంబర్ అంటే మిషిగన్ జనవరిని పెట్టెలో పెట్టి తాళం వేసినటువంటిది. లోపల విడిభాగాల్ని గడ్డకట్టించి పరీక్షిస్తారు.

దానికి రెండు దురలవాట్లు. స్క్రీన్ వైరు పీకితే ఊరుకుంటుంది, తిరిగి పెడితే మాత్రం ఉలిక్కిపడి రీస్టార్ట్ అవుతుంది. రెండోది ఇంకా ఘోరం. పరీక్ష నడిచినన్నాళ్ళూ ఫలితాల్ని తలలోనే మోస్తుంది. పరీక్ష అయ్యాక "దాచమంటారా?" అని అడిగి, మనం అవునంటేనే దాచుకుంటుంది. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళకి మర్యాద ఎక్కువ, బుద్ధి తక్కువ.

ఆ చాంబర్‌లో మూడు వారాలుగా నడుస్తున్నది సుగుణ తయారుచేసిన సీటు బెల్టు బకుల్, అంటే బెల్టు కొసని పట్టి ఉంచే తాళం. అంతకుముందు ఏడాది జనవరిలో ఆమె కూతురు స్కూలు ముందు కారు వెనక సీట్లో ఇరుక్కుపోయింది. చలికి బకుల్ బిగుసుకుని, ఎర్ర బటన్ ఎంత నొక్కినా ఊడలేదు. పావుగంట ఏడ్చింది పిల్ల. అది మా కంపెనీ బకులే. ఆ పావుగంట నుంచి పుట్టింది సుగుణ డిజైను. కార్ల కంపెనీ వాళ్ళు గురువారం ఒంటిగంటకి ఆ ఫలితాలు చూసి తేల్చాలి. ఫలితాలు లేకపోతే కొత్త కారులోకీ పాత బకులే వెళ్తుంది. మళ్ళీ అడగాలంటే ఇంకో మోడల్ దాకా, అంటే కొన్నేళ్ళ దాకా ఆగాలి. మళ్ళీ పరీక్షిద్దామంటే మూడు వారాల టైమూ లేదు, అరిగిపోని ఇంకో నమూనా బకులూ లేదు.

వీటన్నిటి పైన, అదే గురువారం పన్నెండింటికి కరెంటు తీగల మరమ్మతుకని లాబ్ వైపు పవర్ తీసేస్తామని తలుపు మీద నోటీసు. పరీక్ష పదకొండుకల్లా అయిపోతుంది, గంట టైముంది, చాలనుకుంది సుగుణ. నిజంగానే చాలు, నేను లేకపోతే.

పదకొండూ ఇరవై

"మూర్తిగారూ, విండో పోయింది."

"ఎటు?"

"అదే తెల్వదు. టెస్ట్ అయిపోయింది, చాంబర్ మీద పచ్చలైటు వచ్చింది. స్క్రీన్ కింద పట్టీల విండో పేరు కనవడ్తుంది. నొక్కితే టింగ్ అంటది గానీ రాదు. ఎవడో ఒక మానిటర్ ఎత్తుకపోయిండు."

ఆ "ఎవడో" చెవిలో పడగానే నా ఒంట్లో రక్తం ముందు మడమల్లోకి దిగి, అక్కడ చోటులేక బూట్లలోకి పోయింది.

"ఏం ముట్టుకోకండి. ఎంటర్ అసలే నొక్కకండి. ఎడమవైపు ఉంటుంది, నేను వస్తున్నా" అని ఫోన్ పెట్టేశాను.

మా బిల్డింగ్ నుంచి లాబ్‌కి మధ్యలో ఒక పార్కింగ్ లాట్. వేసవిలో రెండు నిమిషాల నడక. ఆ రోజు మంచు మోకాళ్ళ దాకా ఉంది. అంటే చీలమండల దాకా, మోకాళ్ళకి వణుకే ఉంది. నేను దాటింది ఉత్తరధ్రువమే. దారిలో చూసిన తెల్లటి ఆకారం ధ్రువపు ఎలుగుబంటి కాదని, మంచు కప్పిన గ్రెగ్ కారని తర్వాత తెలిసింది.

లాబ్ గుమ్మంలో పొడుగాటి ఎలక్ట్రీషియన్ నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. పది నిమిషాలు ఆగగలవా అని అడిగాను. "స్విచ్ నా చేతిలో లేదు, రోడ్డు మీద స్తంభమెక్కినవాడి చేతిలో ఉంది" అన్నాడు. అతని ఇంగ్లీషుని నా తణుకు తెలుగులో పెడుతున్నాను, క్షమించాలి.

సుగుణ బల్లముందు నిలబడే ఉంది. కూర్చుంటే ఏదైనా మీట తగులుతుందని భయం.

"ఎవడండి ఎత్తుకపోయింది? చెప్పాలె కదా! మెదడుంటదా గాడికి?"

"బొత్తిగా బాధ్యత లేదండీ" అన్నాను. నా నోటితోనే అన్నాను.

"గాడిద."

"అవునండీ."

ఆమె నావైపు తిరిగింది. "మీరు ఫోన్ల ఎడమవైపు అన్నరు. నేను ఏ మానిటరో చెప్పనేలే. ఎట్ల తెలుసు మీకు?"

"అనుభవమండీ" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను చెప్పిన అబద్ధాల్లో అది అతి చిన్నది, అతి నీచమైనదీ.

మానిటర్ తెచ్చి పెట్టేద్దామా అన్న ఆలోచన రాకపోలేదు. పెడితే యంత్రం ఉలిక్కిపడుతుంది. మూడు వారాలు గాలిలో కలుస్తాయి.

అప్పుడే గదిలో సాయంత్రం అయింది. గ్రెగ్ వచ్చాడు.

"ఏంటి సమస్య?" అని అడిగి, జవాబు వినకముందే పవర్ బటన్ వైపు వేలు చాపాడు. "జస్ట్ రీబూట్..."

"గ్రెగ్, నో!" సుగుణ అరిచింది. అరవడమే కాదు, తన స్టీలు టిఫిన్ బాక్సు తీసి ఆ బటన్‌కి అడ్డంగా ఆనించి పట్టుకుంది. గ్రెగ్ వేలు టంగుమని దానికి తగిలింది. పదోసారి ఆ చెయ్యి ఆపాల్సింది నేను. ఆపింది పెరుగన్నం.

"మార్టీ, నీకెంత టైం కావాలి?"

"తెలీదు."

"పన్నెండు దాకా నీది" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ మాటకు ఆయనకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆల్ట్, స్పేస్, ఎం

ఇక్కడ కొత్తవాళ్ళు కాస్త జాగ్రత్తగా చదవాలి.

పేరు మీద నొక్కితే టింగుమంటోందంటే అర్థం, పెద్ద విండో ముందు ఒక చిన్న పెట్టె నిలబడి జవాబు కోసం చూస్తోందని. ఆ పెట్టే "దాచమంటారా?" అని అడిగేది. అదీ ఎడమవైపు చీకట్లోనే ఉంది. మనకి కనపడకపోయినా మన మీటలు దానికి వినపడతాయి. ఎంటర్ నొక్కితే అది ఏదో ఒక జవాబుగా తీసుకుంటుంది. ఏ జవాబుగానో మనకి తెలియదు.

ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కాను. తెర ఎడమ అంచున, గోడగడియారం వెనకనుంచి బల్లి తోక కనపడ్డట్టు, చిన్న పట్టీ బయటికొచ్చింది. దాని మీద రెండే మాటలు. ఒకటి మూవ్, దాని కిందే క్లోజ్. జరుపు, మూసెయ్. ఆ రెండింటి మధ్య ఉన్న చోటులో చీమ కూడా పట్టదు, మూడు వారాలు పట్టాయి.

ఎం నొక్కాను. బాణం గుర్తు నాలుగు ముఖాల గుర్తుగా మారింది. అంటే పెట్టె కదలడానికి ఒప్పుకుంది. కుడి బాణం మీట ఒక్కసారి నొక్కాను. ఇప్పుడు మౌస్ కదిపితే పెట్టె దాన్ని అంటుకుని వచ్చెయ్యాలి.

కదిపాను. రాలేదు.

అది కింద రబ్బరు బంతి ఉండే కాలపు మౌస్. బంతి చుట్టూ ముప్పయ్యేళ్ళ ధూళి పట్టి లడ్డూలా తయారైంది, పొద్దున సుగుణకి తిరిగింది గానీ నాకు తిరగలేదు.

"పదకొండూ నలభై ఆరు" అంది సుగుణ. ఎవరూ అడగలేదు.

సరే, బాణం మీటతోనే లాక్కురావాలి. కుడి బాణం నొక్కి పట్టుకున్నాను. ఏమీ కనపడలేదు. పట్టుకునే ఉన్నాను. గ్రెగ్ ఊపిరి నా నెత్తి మీద తుఫానులా తగులుతోంది. తెర ఎడమ అంచున నీలం గీత ఒకటి వచ్చింది. పెట్టె కుడివైపు కొస అది. తర్వాత ఒక బటన్: క్యాన్సిల్. పెట్టె వెనక్కి చదువుకుంటూ వస్తోంది. తర్వాత ఇంకో బటన్: నో. ఆ బటన్ చుట్టూ మందంగా నల్లగీత.

సుగుణ గట్టిగా ఊపిరి పీల్చింది. నల్లగీత ఉన్న బటనే ఎంటర్‌కి జవాబు. ఎవరైనా ఎంటర్ నొక్కి ఉంటే "వద్దు, దాచకు" అన్నట్టు.

చివరికి మూడోది వచ్చింది: యెస్. పెట్టె మొత్తం తెర మీదకి చేరింది. కానీ ఇంకా నా చేతిలో వేలాడుతోంది, కింద పెట్టాలి. మామూలుగా అయితే ఎంటర్ నొక్కి పెడతారు. కదిపే పని నడుస్తున్నంతసేపూ ఎంటర్ అంటే "ఇక్కడ దింపు" అని అర్థం. నాకు తెలియకుండా ఆ పని ఎక్కడైనా ఆగిపోయి ఉంటే, అదే ఎంటర్‌కి అర్థం "వద్దు". ఒకే మీట, రెండు అర్థాలు. పోయింది అన్న మాటలాగే.

నా వేలు ఎంటర్ మీదకి వెళ్ళి వెనక్కొచ్చింది. మౌస్ బంతి తిరగకపోయినా దాని బటన్ పనిచేస్తుంది కదా అని అప్పుడు తట్టింది. క్లిక్ చేశాను. పెట్టె నిలబడింది.

"జరగండి, నేను నొక్కుత" అంది సుగుణ. ఒక్క వేలితో వై అక్షరం నొక్కింది.

నీలం పట్టీ మొదలైంది. పాకింది, నిలబడింది, ఆలోచించింది, మళ్ళీ పాకింది. నా జీవితంలో నేను ఇంత శ్రద్ధగా చూసినది మా పాప మొదటి అడుగులొక్కటే, అవి కూడా ఇంతకంటే వేగంగానే పడ్డాయి. పదకొండూ యాభై రెండుకి నిండింది. పెన్‌డ్రైవ్‌ని ఆమె పరీక్ష మొదలైన రోజే అందులో పెట్టి ఉంచింది. కాపీ అయ్యేసరికి యాభై ఎనిమిది. ఆమె డ్రైవ్ లాగి గుప్పిట్లో బిగించింది. గుమ్మంలో ఎలక్ట్రీషియన్ భుజాలెగరేశాడు. లైట్లు ఆరిపోయాయి. ముసలి ఫ్యాన్ మూలుగుతూ మూలుగుతూ ఆగింది, పక్కగదిలోవాళ్ళ కేకలు ఉన్నట్టుండి స్పష్టంగా వినపడ్డాయి.

చీకట్లో గ్రెగ్ నా వీపు చరిచాడు. నేను రెండంగుళాలు పొట్టినయ్యాను.

మీటింగ్ రూము

కథ ఇక్కడ ఆపితే నేను హీరోని. చాలామంది రిటైరైనవాళ్ళు ఇక్కడే ఆపుతారు.

ఒంటిగంటకి మీటింగు. వైర్లు చూడటానికని నన్నూ ఉండమన్నారు. తలుపు దగ్గర నిలబడ్డాను. కార్ల కంపెనీ నుంచి ముగ్గురు. వాళ్ళలో పెద్ద ఒక క్వాలిటీ మేనేజరమ్మ, నవ్వు అనేది ఆమె కొలతల్లో పట్టని వస్తువు. లాబ్ నుంచి తెచ్చిన మానిటర్ని ఒక చక్రాల స్టాండు మీద వాళ్ళవైపు తిప్పి పెట్టాను. చెప్పేవాళ్ళు దాని పక్కనే, కొంచెం వెనగ్గా నిలబడాలి.

సుగుణ వెళ్ళి అక్కడ నిలబడ్డాక గానీ నాకు తట్టలేదు. మానిటర్ వెనక చీటీ ఉంది. నా రాత. తెలుగులో.

ఆమె గ్రాఫులు చూపించింది. ఎంత చలిలోనైనా బకుల్ ఊడుతోంది. మేనేజరమ్మ తల ఊపుతూ రాసుకుంటోంది. ఇంతలో గ్రెగ్, సంతోషం పట్టలేక, "పొద్దున ఆ కంప్యూటర్ మమ్మల్ని చంపేసిందనుకోండి! మా మార్టీ లేకపోతే ఈ డేటా ఉండేదే కాదు!" అన్నాడు.

పెన్ను ఆగింది.

"కంప్యూటర్‌కి ఏమైంది?" అందామె.

"విండో కనపడలేదు. దొరికింది" అన్నాడు గ్రెగ్.

"ఎందుకు కనపడలేదు?"

గ్రెగ్ నావైపు చూశాడు, నేను వైర్లవైపు చూశాను.

"చూడండి" అంది ఆమె సుగుణతో, కోపం లేకుండానే. "కారణం తెలియకుండా తప్పు చేసిన యంత్రం, ఇంకెక్కడ తప్పు చేసిందో నాకెలా తెలుస్తుంది? అది రాసిన అంకెల్ని నేనెలా నమ్మాలి? కారణం చెప్పలేకపోతే ఈ పరీక్షని పక్కన పెడతాను."

సుగుణ ఒక అడుగు వెనక్కి వేసింది. ఏదో ఆధారం కోసమన్నట్టు మానిటర్ అంచు పట్టుకుంది. పట్టుకుని, దాని వెనక్కి చూసింది.

చూస్తూ ఉండిపోయింది. చదవడానికి రెండే మాటలు. ఆమె పది మాటలు చదివినంతసేపు చదివింది.

తల ఎత్తి, బల్లకి అటువైపు నిలబడ్డ నన్ను చూసింది. ఆ గదిలో ఆ చీటీ చదవగలిగిన వాళ్ళం ఇద్దరమే. ఆమె నన్ను తిట్టొచ్చు. ఇంగ్లీషులో అందరికీ చెప్పేయొచ్చు. రెండూ చెయ్యకుండా మెల్లగా, తెలుగులో, నా ప్రశ్న నాకే వేసింది.

"మూర్తిగారూ, ఎటు పోయింది?"

ఇరవై ఆరేళ్ళలో నేను చాలామందిని ఆ ప్రశ్న అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు.

నేను రెండడుగులు ముందుకొచ్చాను. "యంత్రం తప్పేం లేదండీ" అన్నాను మేనేజరమ్మతో. "దానికి రెండు స్క్రీన్లు ఉండేవి. నిన్న మూడింటికి ఎడమవైపుది నేను పీకాను. ఎవరికీ చెప్పలేదు. యంత్రం విండోని దాని చోటులోనే ఉంచింది, స్క్రీనే అక్కడ లేదు. ఆ స్క్రీన్ ఇదే." మానిటర్ని వెనక్కి తిప్పి చూపించాను.

ఆమె లేచి దగ్గరికొచ్చి చీటీ చూసింది. "ఏమని రాసుంది?"

"సుగుణ, ఎడమ."

"ఎవరు రాశారు?"

"నేనే."

"పొద్దున ఎందుకు చెప్పలేదు?"

దానికి నా దగ్గర నాలుగు జవాబులున్నాయి, నాలుగూ చమత్కారంగానే ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. "భయమేసింది" అన్నాను.

"ఇప్పుడు చెప్పింది మొత్తం రాసి సంతకం పెట్టండి. ఈ ఫలితాలకి జతచేస్తాను" అని వెళ్ళి కూర్చుంది. నేను ఆ గదిలోనే నిలబడి రాశాను. ఆమె చదివింది, మడిచి ఫైల్లో పెట్టింది, సుగుణవైపు తిరిగి "తర్వాతి గ్రాఫు చూపించండి" అంది. మూడింటికి వాళ్ళు కొత్త బకుల్‌కి ఒప్పుకుని వెళ్ళారు.

గ్రెగ్ కారిడార్లో నన్ను ఆపాడు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. "మార్టీ, ఏదో ఒకటి తెమ్మన్నది నేనే కదా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. బాసుల్ని తూకం వేసేటప్పుడు నేను ఆ వాక్యాన్ని కూడా తక్కెట్లో పెడతాను.

సాయంత్రం నాలుగింటికి మానిటర్ని లాబ్‌కి తిరిగి మోసుకెళ్ళాను. ఒక కొస సుగుణ పట్టుకుంది. అవసరం లేదన్నా వినలేదు.

"పొద్దుగాల ఎవడో ఎవడో అని తిట్టిన. అన్నీ విన్నరు కదా?"

"విన్నానండీ."

"గాడిద అంటే అవును అన్నరు."

"అన్నానండీ."

"ఆ మాట మాత్రం ఎన్కకు తీస్కోను."

"తీసుకోకండి."

పవర్ ఇంకా రాలేదు. ఆ వెలుతురు లేని గదిలో మానిటర్ని దాని చోట పెట్టి, వైరు బిగించాను. ఆమె దాన్ని కొంచెం తన వైపు తిప్పుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. తర్వాత నావైపు చూసింది.

"విండో ఏం పోలే మూర్తిగారూ, అది ఉన్నకాడనే ఉండె. పోయింది మీరు. పొద్దటిసంది నా పక్కనే నిలవడి కూడ కనవడలే." టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది. "ఒంటిగంటకు మీటింగుల మల్ల వచ్చిన్రు."